మాఘ పౌర్ణమి మర్నాడు, అండమాన్ సముద్రం మీద

థాయిలాండ్‌లోని ఫుకెట్ దీవి నుంచి తెచ్చిన సూట్‌కేసు ఇంకా పూర్తిగా ఖాళీ చెయ్యలేదు. లెక్కలు రాసుకున్న చిన్న నోటు పుస్తకం మాత్రం బయటికి తీశాను. ఇదంతా అందులోని గీతలు చూసుకుంటూ రాస్తున్నదే.

ముందు, ఇంటి దగ్గర

నలుగురం రాజమహేంద్రవరంలో ఒకే స్కూల్లో చదువుకున్న స్నేహితురాళ్లం. ఒకామె డాక్టరు, ఒకామె బ్యాంకులో, ఒకామె లెక్చరర్, నేను. పోయిన దీపావళికి కలిసినప్పుడు లెక్చరర్ అంది: "ఒక్కసారి పిల్లలు లేకుండా పోదామే. ఎవరి ట్యూషన్ టైమూ చూసుకోకుండా, ఎవరు తిన్నారో తినలేదో అడగకుండా ఒక్క రోజు." ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ముగ్గురు భర్తలు వస్తామన్నారు. బ్యాంకామె భర్తకి సెలవు దొరకలేదు. మొత్తం ఏడుగురం. పిల్లలు అమ్మమ్మల దగ్గర.

ఫుకెట్ అనుకున్నాం. అక్కడి నుంచి పెద్దవాళ్లకు మాత్రమే అని నడిపే పార్టీ పడవలు మధ్యాహ్నం బయల్దేరి, దగ్గర్లోని ఒక దీవికి తీసుకెళ్లి, సూర్యాస్తమయం చూపించి చీకటి పడ్డాక దింపుతాయి. పెద్దవాళ్లకు మాత్రమే అన్నది చూసి మా అత్తగారు కాస్త కంగారుపడ్డారు. అందులో దాచుకోవాల్సిందేమీ లేదు. థాయిలాండ్‌లో మందు కొనడానికి చట్టం ఒప్పుకునే వయసు 20. పడవ మీద బార్ ఉంటుంది, పాటలు గట్టిగా పెడతారు, జనం సముద్రంలోకి దూకుతారు. పిల్లలుంటే అందరి కళ్లూ వాళ్ల మీదే ఉండాలి. అందుకని ఆ నియమం.

ఏర్పాట్ల బాధ్యత నేను తీసుకున్నాను, దానికి కారణం ఉంది. మాది గోదావరి ఒడ్డు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పాపికొండలు వెళ్తున్న పడవ మునిగిన రోజు మా వీధిలో ఏ ఇంట్లోనూ టీవీ ఆగలేదు. అంతకు ముందు చలికాలంలో నేనూ అదే దారిలో వేరే పడవలో వెళ్లొచ్చాను. అప్పుడు ఫొటోలకు అడ్డమని లైఫ్ జాకెట్ విప్పి పక్కన పెట్టిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. బ్యాంకామె అయితే ఆ ఏడాది తర్వాత పడవే ఎక్కలేదు. ఫుకెట్ గురించి చదివితే అక్కడా అలాంటిదే. 2018 జూలై 5న ఫీనిక్స్ అనే పడవ గాలివానలో మునిగి 47 మంది పోయారు. అది నైరుతి గాలుల కాలం. మే నుంచి అక్టోబరు దాకా అక్కడి సముద్రం లేచి ఉంటుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా శాంతంగా ఉంటుంది. అందుకే ఫిబ్రవరి ఎంచుకున్నాం.

పడవలవాళ్లకు నేను పంపిన ప్రశ్నలు ఒక పేజీ అయ్యాయి. మనుషులెందరు, జాకెట్లెన్ని? కెప్టెన్ కాక నీళ్ల మీద కన్నేసి ఉంచే మనుషులెవరు? మందు ఈతకు ముందు పోస్తారా, తర్వాత పోస్తారా? ఈత రానివాళ్లు దిగడానికి నిచ్చెన ఉందా? నీడ ఎంత? బాత్రూమ్ ఉందా? గాలి ఎక్కువుంటే డబ్బు వెనక్కిస్తారా? ఒకరు అన్నిటికీ కలిపి "ఏం భయం లేదు" అని ఒక్క ముక్కలో తేల్చారు. వాళ్లను పక్కన పెట్టాం. ఇంకొకరు జాకెట్ల ఫొటో పెట్టి, ఒక్కో ప్రశ్నకూ జవాబు రాశారు. మనిషికి 3,500 బాట్లు, అంటే అప్పటి లెక్కలో సుమారు తొమ్మిది వేల రూపాయలు. వీళ్ల రేటే ఎక్కువ. అయినా వీళ్లకే ఇచ్చాం. పడవ మొత్తం మనమే తీసుకుంటే 45,000 బాట్లన్నారు. ఏడుగురికి అంత అనవసరం అనిపించింది.

మేం మొదట అడిగిన తేదీ ఫిబ్రవరి 12. "ఆ రోజు మాఖ బుచ్చా, మందు అమ్మకూడదు, 13న రండి" అని జవాబొచ్చింది. మాఖ బుచ్చా ఏమిటా అని క్యాలెండర్ చూస్తే మాకు మాఘ పౌర్ణమి. మాఖ అంటే మాఘం, బుచ్చా అంటే పూజ. మన మాటే సముద్రం దాటి అక్కడ అలా పలుకుతోంది. అమ్మకు ఫోన్ చేసి చెబితే, "అయితే సముద్ర స్నానం చెయ్యండి, మాఘ స్నానం ఎంతో మంచిది" అంది. నా చిన్నప్పుడు మాఘ పౌర్ణమికి తెల్లవారుజామునే కోటిలింగాల రేవుకు తీసుకెళ్లేది. మెట్ల మీద పాచి ఉంటుందని, నా చెయ్యి గట్టిగా పట్టుకుని దింపేది.

ఫిబ్రవరి 11, మంగళవారం: ఓల్డ్ టౌన్

బీచ్ పక్కన కాకుండా ఫుకెట్ ఓల్డ్ టౌన్‌లో దిగాం. తగరం గనుల రోజుల్లో డబ్బు చేసుకున్న చైనా కుటుంబాలు కట్టుకున్న రంగురంగుల ఇళ్లు అవి. ముందు వరుసగా కమానుల వసారా, లోపల సన్నగా పొడవుగా సాగే ఇల్లు, మధ్యలో వెలుతురు పడే జాగా. లోగిలి ఇళ్లలో పెరిగిన వాళ్లకు ఆ మధ్య జాగా చూడగానే ప్రాణం లేచొస్తుంది.

థలాంగ్ రోడ్డులో ఒక ముస్లిం హోటల్లో రోటీ, మస్సమన్ కూర తిన్నాం. రోటీ అంటే మన పరోటాకు చుట్టమే. పిండిని గాల్లో విసిరి పల్చగా చేసి పెనం మీద వేస్తున్నారు. కూరలో దాల్చినచెక్క, యాలక్కాయ వాసన. ఏడుగురికీ కలిపి 620 బాట్లు. తర్వాత ఓ ఏవ్ అనే చల్లటి తీపి. జెల్లీ లాంటి పలుకులు, ఎర్ర చిక్కుడు గింజలు, తురిమిన ఐసు, పైన ఎర్రటి సిరప్పు. ఆ ఎండకి అంతకన్నా హాయైనది లేదు.

లెక్చరర్ శాకాహారి. ఇక్కడ అసలు కష్టం మాంసం కాదు, చేపల సాస్. కూరగాయల వేపుడులోనూ అది పడుతుంది. మాంసం వద్దని చెబితే చాలదు. "జే" అనాలి. పసుపు జెండా మీద ఎర్ర అక్షరం ఉంటే అది జే హోటలు. చేపల సాసే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. ఫుకెట్‌లో ఏటా తొమ్మిది రోజులు ఈ జే పండుగ పెద్ద ఎత్తున జరుగుతుంది కాబట్టి ఈ మాట అందరికీ తెలుసు. హోటల్ అమ్మాయి చేత ఒక చీటీ మీద థాయ్‌లో రాయించుకున్నాం. నాలుగు రోజులూ ఆ చీటీయే మా లెక్చరర్‌కి అన్నం పెట్టింది.

ఫిబ్రవరి 12, బుధవారం: వాట్ చలోంగ్

పొద్దున ఖనోం జీన్. బియ్యప్పిండి సేమ్యా మీద చేపల కూరో పీతల కూరో పోసుకోవాలి. బల్ల మీద పచ్చి ఆకులు, పెసర మొలకలు, ఊరవేసిన కూరలు, అనాసపండు ముక్కలు పళ్లేలలో పెట్టి ఉంటాయి. వాటికి వేరే డబ్బు లేదు. కావలసినంతే తీసుకోవాలి, పారెయ్యకూడదు. పక్క బల్ల పెద్దావిడ మేం కూర ఒక్కటే తింటుంటే చూసి, లేచి వచ్చి, ఆకులు తుంచి మా గిన్నెల్లో తనే వేసింది. భాష ఒక్క ముక్క కలవలేదు. అయినా మా మేనత్త వడ్డించినట్టే ఉంది.

ఆ రోజు దుకాణాల్లో మందు బీరువాలకు అడ్డంగా గుడ్డలు కట్టారు. బార్లు మూసేశారు. సాయంత్రం వాట్ చలోంగ్ అనే బౌద్ధ ఆలయానికి వెళ్లాం. బుద్ధుడి దగ్గరికి 1,250 మంది భిక్షువులు ఎవరూ పిలవకుండానే ఈ పౌర్ణమి నాడు వచ్చి చేరారని వాళ్ల నమ్మకం. తామర మొగ్గ, మూడు అగరొత్తులు, ఒక కొవ్వొత్తి కలిపి 20 బాట్లకు కొన్నాం. అవి చేతుల్లో పెట్టుకుని మందిరం చుట్టూ కుడి వైపుగా మూడు ప్రదక్షిణలు. మాట్లాడుకోవడం లేదు, తోసుకోవడం లేదు. ముందు నడిచే వాళ్ల జుట్టుకి నిప్పు తగలకుండా ప్రతివాళ్లూ కొవ్వొత్తికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంటున్నారు. ఒకబ్బాయి నా కొవ్వొత్తి ఆరిపోతే తన దానితో వెలిగించి, తల వంచి వెళ్లిపోయాడు. ఏ తీర్థంలోనైనా అంత నెమ్మదిగా ప్రదక్షిణ చేసిన గుర్తు నాకు లేదు.

మోకాళ్లు, భుజాలు కనపడే బట్టలతో వెళ్లకూడదు. కూర్చున్నప్పుడు పాదాలు బుద్ధుడి వైపు చాచకూడదు. ఇవి మాకు ఎవరూ నేర్పక్కర్లేదు, ఇంట్లో పెరిగినవే.

ఇక్కడొక మాట. పార్టీ కోసం వెళ్తూ ముందు రోజు గుడికి పోవడమేమిటని తర్వాత ఇంట్లో ఒకరు అడిగారు. నాకు ఆ రెంటికీ పొత్తు కుదిరింది. ఆ రాత్రి నిద్ర బాగా పట్టింది.

ఫిబ్రవరి 13, గురువారం: పడవ రోజు

పొద్దున డాక్టరమ్మ అందర్నీ కూర్చోబెట్టి ఇడ్లీలంత సాదాగా తినమంది. అంటే అన్నం గంజి, ఉడికించిన గుడ్డు. ఖాళీ కడుపుతో పడవెక్కితే కడుపులో తిప్పడం ఎక్కువవుతుందట. పడవ కదలడానికి అరగంట ముందు, పడనివాళ్లకు మాత్ర ఇచ్చింది. రాత్రి దాకా ఎవరికీ వాంతి కాలేదు. మాత్ర వేసుకున్నవాళ్లు మందు ముట్టుకోకూడదని కూడా చెప్పింది. మా ఆయన మాత్ర వేసుకున్నారు. రోజంతా కొబ్బరినీళ్లే తాగారు. ఆయన ఆ మాట విన్నందుకు నాకు చాలా గౌరవం కలిగింది.

వ్యాన్ ఎక్కాక తప్పు జరిగింది. "కోరల్ ఐలాండ్ పడవ" అని చెప్పాం. డ్రైవర్ తిన్నగా రవాయ్ రేవుకు తీసుకెళ్లాడు. కో హే, అంటే కోరల్ ఐలాండ్‌కి ఇంజిను కడ్డీ వెనక తోకలా సాగి ఉండే చిన్న పొడుగు తోక పడవలు అక్కడి నుంచి పోతాయి మరి. మా పడవ ఎక్కాల్సింది చలోంగ్ జెట్టీలో. టైము పన్నెండు. టెన్షన్ పడ్డాం. డ్రైవర్ మాత్రం నవ్వి, చెయ్యి ఊపి, బండి తిప్పి, పావుగంటలో చలోంగ్‌లో దింపాడు. పైన ఇంకో 100 బాట్లు ఇవ్వబోతే తీసుకోలేదు. వెళ్లేవాళ్లు దీవి పేరు కాదు, రేవు పేరు చెప్పండి.

చలోంగ్ జెట్టీ సముద్రంలోకి చాలా పొడవుగా ఉంటుంది. గేటు దగ్గర మా పేర్లు, దేశం రాసుకున్నారు. అక్కడి నుంచి చూస్తే కొండ మీద 45 మీటర్ల తెల్ల బుద్ధుడు. మా పడవ పెద్ద క్యాటమరాన్, అంటే రెండు పడవల్ని పక్కపక్కన జోడించినట్టు ఉండేది. యాభై మంది దాకా ఉన్నాం. రష్యన్లు, ఆస్ట్రేలియా వాళ్లు, పుణె నుంచి ఒక గుంపు. చెప్పులు విప్పి బుట్టలో పడేసి ఎక్కాలి. అందరూ ఎక్కాక పాట ఆపి, ఒకమ్మాయి జాకెట్ ఎలా కట్టుకోవాలో చూపించింది. బార్ ఇంకా తెరవలేదు. కో హేలో ఈత అయ్యాకే తెరుస్తామంది. కొందరు కుర్రాళ్లు గొణిగారు. నాకైతే ఆ ఒక్క మాటతో 3,500 బాట్లూ గిట్టుబాటయ్యాయి.

బ్యాంకామె ఎక్కగానే మధ్యలో స్తంభం పట్టుకుని కూర్చుంది. నేనేమీ అనలేదు, పక్కన కూర్చున్నాను. చలోంగ్ అఖాతం దాటేదాకా నీరు పళ్లెంలో పాలలా ఉంది. బయట కాస్త ఊగింది. అరగంట పోయాక తనే స్తంభం వదిలేసి, ముందు భాగంలో కట్టిన వల మీదికి పాక్కుంటూ వెళ్లి పడుకుంది. కింద నీళ్లు ఎగిసి వీపుకు తగులుతుంటే నవ్వడం మొదలెట్టింది. డాక్టరమ్మ చూసి కళ్లు తుడుచుకుంది.

దీవి దగ్గర పెద్ద పడవ లోతు నీళ్లలోనే ఆగింది. ఒడ్డుకు పొడుగు తోక పడవలో చేరాలి. దాని ముక్కుకు రంగు రంగుల గుడ్డలు, పూలదండలు చుట్టి ఉన్నాయి. లెక్చరర్ వాళ్లాయన ఫొటో కోసం దాని మీద కాలు పెట్టబోయారు. పడవ నడిపే పెద్దాయన చేతులు జోడించి వద్దని తల ఊపాడు. అక్కడ మే యా నాంగ్ ఉంటుందట, పడవను కాచే తల్లి. ఆయన వెంటనే కాలు తీసి దణ్ణం పెట్టారు. మన కాకినాడ వైపు పడవ ముక్కుకు పసుపు కుంకుమ పూసి గంగమ్మకు కొబ్బరికాయ కొట్టే వాళ్లను చూసిన వాళ్లం. అర్థం కావడానికి క్షణం పట్టలేదు.

నీళ్లు అడుగు దాకా కనపడుతున్నాయి. పగడాల మీద నిలబడకండి, చేపలకు రొట్టె వెయ్యకండి అని మళ్లీ చెప్పారు. ఈత వచ్చిన నలుగురూ ముక్కూ కళ్లూ మూసే ఈత అద్దాలు పెట్టుకుని వెళ్లిపోయారు. బ్యాంకామె, నేను జాకెట్లు బిగించుకుని ఒడ్డు నుంచి అడుగులో అడుగు వేసుకుంటూ దిగాం. నడుం లోతు దాకా తను నా చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత కాళ్లు లేచిపోయాయి, జాకెట్ పైకి తేల్చింది. "తేలుతున్నానే!" అని అరిచింది. మొహం కింద పెట్టి చూస్తే నల్ల గీతల పసుపు చేపలు మా మోకాళ్ల దగ్గరికి వచ్చి తిరుగుతున్నాయి. ఎంతసేపున్నామో తెలీదు. వేళ్లు ముడతలు పడ్డాయి.

పౌర్ణమి మర్నాడు కదా. పోటు ఎంత పైకొస్తుందో ఆటుకి అంతే దూరం లాగేస్తుంది. మూడున్నరకల్లా వెనక్కి రావాలని కెప్టెన్ ముందే చెప్పాడు. ఒక జంట ఇంకాస్త, ఇంకాస్త అని కూర్చున్నారు. ఈలోగా నీరు తగ్గి, పొడుగు తోక పడవ ఒడ్డు దాకా రాలేకపోయింది. వాళ్లు రాళ్ల మీద నడవాల్సొచ్చింది, ఆమె అరికాలు కోసుకుంది. మా డాక్టరమ్మే మంచినీళ్లతో కడిగి కట్టు కట్టింది. దీవికి వెళ్లేవాళ్లు రబ్బరు చెప్పులు తప్పకుండా తీసుకెళ్లాలి.

నాలుగింటికి బార్ తెరిచారు. తాగేవాళ్లు తాగారు, తాగనివాళ్లకు అనాస రసం. ఎవరూ ఎవర్నీ బలవంతం పెట్టలేదు. వేయించిన అన్నం, కోడి రెక్కలు, పుచ్చకాయ. మా చీటీ చదివి వంటాయన లెక్చరర్‌కి వేరే మూకుడులో టోఫు, కాయగూరలు వేయించి తెచ్చాడు. డీజే ఏవేవో వేస్తున్నాడు. లెక్చరర్ వాళ్లాయన తన ఫోన్ ఇచ్చి తీన్‌మార్ దరువు ఒకటి పెట్టమన్నారు. మొదటి అర నిమిషం మేం ఏడుగురమే. తర్వాత పుణె వాళ్లు, ఆ తర్వాత రష్యన్ ఆడవాళ్లు ఇద్దరు. చివరికి పై అంతస్తంతా అదే దరువు. ఇరవై ఏళ్లుగా పెళ్లి ఊరేగింపుల్లో పిల్లల్ని చంకనేసుకుని పక్కన నిలబడి చూసిన నేను, అలా అలిసిపోయేదాకా ఆడింది ఇదే.

ఒక కుర్రాడు బాగా తాగి పై అంతస్తు నుంచి దూకుతానన్నాడు. ఇద్దరు సిబ్బంది వచ్చి, గొంతు పెంచకుండా, నవ్వు చెరగకుండా కిందికి తెచ్చి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. మందు పోయడానికి గుర్తుగా అతని చేతికి కట్టిన బార్ పట్టీ కత్తిరించేశారు. ఆ నవ్వులో ఉన్న గట్టిదనం నాకు బాగా నచ్చింది.

ఆరున్నర దాటాక ప్రోమ్‌థెప్ మొన దగ్గర ఇంజిను ఆపారు. డీజే కూడా పాట ఆపేశాడు. పడమట ఎర్రటి సూర్యుడు దిగాడు. కాసేపటికి తూర్పున పాడ్యమి చంద్రుడు, పౌర్ణమికి ఏ మాత్రం తగ్గకుండా. యాభై మందీ గమ్మున ఉన్నారు.

ఫిబ్రవరి 14, శుక్రవారం: మళ్లీ రవాయ్

తప్పుదారిలో చూసిన రవాయ్ చేపల బజారు మనసులో ఉండిపోయింది. కావాలనే మళ్లీ వెళ్లాం. అమ్మేవాళ్లు తరాలుగా సముద్రం మీదే బతికిన ఉరక్ లవోయ్ జాతి వాళ్లు. చేప, రొయ్యలు అక్కడ కొని, రోడ్డు దాటి ఎదురు హోటల్లో ఇస్తే వండి పెడతారు. వంటకు కిలోకి 100 బాట్లు. బేరం ఆడొచ్చు కానీ నవ్వుతూ ఆడాలి. గొంతు పెంచితే మొహం తిప్పేసుకుంటారు. డాక్టరమ్మ నవ్వుతూనే కిలో రొయ్యల మీద 80 తగ్గించింది.

చేపను కేంగ్ సోమ్ పెట్టమన్నాం. పసుపు వేసిన పుల్లటి పల్చటి పులుసు, ఎండుమిర్చి కారం. మొదటి ముద్దకే మా ఆయన తలెత్తి, "ఇది మన చేపల పులుసుకి చెల్లెలు" అన్నారు. అన్నం మళ్లీ మళ్లీ తెప్పించుకున్నాం. అందరికీ కలిపి 2,340 బాట్లు. అక్కడ తిన్న వాటన్నిటిలో నాకు నచ్చింది ఇదే.

రాత్రి అమ్మకు ఫోన్ చేశాను.

"మాఘ స్నానం చేశావా?"

"చేశానమ్మా. ఒక రోజు ఆలస్యంగా, పాడ్యమి నాడు."

"పర్లేదులే, మాఘమాసమేగా. ఎవరి చెయ్యి పట్టుకుని దిగావు?"

బ్యాంకామె పక్కనే ఉంది. ఫోన్ తన చేతికిచ్చాను.